డూమ్ క్రీడాపరంపర

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాస్‌నందు నెలకొనియున్న ఇడ్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ 1993 డిసెంబరు 10వ తేదీన వెలువరించిన కంప్యూటర్ గేమ్‌నకు డూమ్ అని పేరు; ముప్పదియేండ్లకు పైగా దాని వెంబడి వచ్చిన గేమ్‌ల వరుసకు కూడ ఆ పేరే నిలిచినది. ఆడువాడు తన పాత్రను వెలుపలనుండి తిలకించుటకు మారుగా ఆ పాత్ర కన్నులతోనే తెరపైని లోకమును చూచుచు, తెర యడుగున కనబడు తుపాకిని ఎదురైన వానిపై ప్రయోగించుచు ముందునకు సాగు క్రీడలను నేడు ఫస్ట్ పర్సన్ షూటర్లని వ్యవహరించుచున్నారు. కాని ఈ వ్యవహారము స్థిరపడుటకు ముందు, 1990 దశకపు నడిమి కాలమున, అట్టి ప్రతి క్రీడయు, అది ఎవరు రచించినదైనను, డూమ్ క్లోన్ అనియే పిలువబడినది. ఒక కృతి పేరే ఒక ప్రక్రియకు పేరగుట సామాన్యమైన గౌరవము కాదు. ఈ వరుసలోని ప్రధాన గేమ్‌లు ఏడు: 1993 నాటి డూమ్, 1994 నాటి డూమ్ 2, 1997 నాటి డూమ్ 64, 2004 నాటి డూమ్ 3, మరల డూమ్ అను పేరుతోనే 2016లో వచ్చిన గేమ్, 2020 నాటి డూమ్ ఎటర్నల్, 2025 నాటి డూమ్: ది డార్క్ ఏజెస్.

కథ స్వల్పము. అంగారక గ్రహపు ఉపగ్రహములైన ఫోబోస్, డీమోస్‌లపై ఒక వాణిజ్యసంస్థ దూరప్రయాణ ద్వారములను గూర్చి ప్రయోగములు సలుపుచుండగా ఆ ద్వారములు నరకమునకు తెరచుకొనును; వెలువడిన పిశాచములచే తోడి సైనికులందరు హతులు కాగా మిగిలిన ఒక్క సైనికుడు పోరుచు పోవును. అంతకు మించి చెప్పవలసినది లేదు. తొలి గేమ్ చెప్పవలెనని యత్నింపనును లేదు. రక్తపాతమే దీని ఆకర్షణయని తలచినవారు పలువురు గలరు గాని, అంతకంటె ఘోరమైన రక్తపాతమును చూపిన గేమ్‌లు ఎన్నియో వచ్చి మరపున పడినవి. డూమ్ నిలిచియుండుటకు హేతువును దాని కర్తలు దాచుకొనినదానిలో గాక, పంచిపెట్టినదానిలో వెదకుట సమంజసము.

ఆడువాని దృష్టితోనే చూపు క్రీడలు డూమ్‌నకు పూర్వమును లేకపోలేదు. 1970 దశకపు తొలినాళ్ళలోనే అమెరికా పరిశోధనాలయములలో మేజ్ వార్ అను చిక్కుదారుల ఆట పుట్టినది. 1980లో అటారీ సంస్థ బ్యాటిల్‌జోన్ అను యుద్ధశకటపు ఆటను రేఖాచిత్రములతో నిర్మించి నాణెముల యంత్రములలో నడిపినది. అయితే ఇంటింట నుండు పర్సనల్ కంప్యూటర్ ఆనాడు కార్యాలయపు లెక్కల కొరకు పుట్టిన యంత్రమే గాని, వేగముగ బొమ్మలను కదలించుటకు పుట్టినది కాదు. ఆ లోపమును జయించుటతోనే ఇడ్ సంస్థ చరిత్ర మొదలగుచున్నది.

లూసియానా రాష్ట్రమందలి ష్రీవ్‌పోర్ట్ నగరమున సాఫ్ట్‌డిస్క్ అను ప్రచురణసంస్థ ఉండెను. చందాదారులకు మాసమాసము ఫ్లాపీలపై ప్రోగ్రాములను పంపుట దాని వ్యాపారము. అందు ఉద్యోగులైన జాన్ కార్మాక్, జాన్ రొమేరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్ అను నలుగురు యువకులు (ఇరువురు కార్మాక్‌లకును బంధుత్వము లేదు) తమ యజమానికి చేయవలసిన పని ముగించుకొని, రాత్రులయందు సొంతముగ గేమ్‌లను నిర్మించుచుండిరి. తెర మొత్తమును మాటిమాటికి మరల చిత్రించుటకు మారుగా మారిన తునకలను మాత్రమే చిత్రించు ఉపాయమొకటి 1990లో జాన్ కార్మాక్‌నకు తట్టెను. దానితో పర్సనల్ కంప్యూటర్ తెరయు మొట్టమొదటిసారి జపాను ఆటయంత్రములవలె నునుపుగ జరిగినది. ఆ సెప్టెంబరు మాసమున ఒక రాత్రి కార్మాక్, హాల్‌లు నింటెండో వారి సూపర్ మారియో బ్రదర్స్ 3లోని తొలి లెవెల్‌ను తమ కంప్యూటర్‌పై యథాతథముగ నిలిపి రొమేరో బల్లపై ఉంచిపోగా, ఉదయమున దానిని చూచిన రొమేరో ఇక ఈ ఉద్యోగమున ఉండుట వ్యర్థమని నిశ్చయించుకొనెను. వారు ఆ విద్యతో రచించిన కమాండర్ కీన్ 1990 డిసెంబరులో వెలువడెను. 1991 ఫిబ్రవరి 1న ఇడ్ సాఫ్ట్‌వేర్ స్థాపితమైనది.

కమాండర్ కీన్‌ను ప్రచురించిన అపోజీ సంస్థాధిపతి స్కాట్ మిల్లర్ అనుసరించిన అమ్మకపు పద్ధతి ఇచట వివరింపదగినది, ఏలయన డూమ్ విజయమునకు సగము కారణము అదియే. అది షేర్‌వేర్ పద్ధతి. గేమ్‌ను మూడు భాగములుగ విభజించి, మొదటి భాగమును సంపూర్ణముగను, ఉచితముగను విడిచిపెట్టుదురు; దానిని ఎవరైనను నకలు తీసి ఎవరికైనను ఇయ్యవచ్చును; నచ్చినవారు తక్కిన భాగముల కొరకు సొమ్ము పంపుదురు. నకళ్ళు తీయువారిని చోరులుగ చూచి తాళములు బిగించు వ్యాపారులు నిండిన ఆ కాలమున, నకళ్ళు తీయువానినే తమ వర్తకునిగ చేసికొనిన యుక్తి ఇది. దుకాణపు అరలలో చోటు సంపాదింప శక్తిలేని నలుగురు యువకులకు అంతకంటె మంచి మార్గము లేకుండెను.

తరువాతి రెండేండ్లలో కార్మాక్ దృష్టి త్రిపరిమాణ చిత్రణమునకు మరలెను. 1991లో హోవర్‌ట్యాంక్ 3డి, గోడలకు రంగు పూతలు తొడిగిన క్యాటకోంబ్ 3-డి, 1992 మే 5న ఊల్ఫెన్‌స్టైన్ 3డి ఒకదాని వెంట నొకటి వెలువడినవి. నాజీల కోటలో చిక్కిన బందీ తప్పించుకొనుట ఇందలి విషయము. 1981లో సైలస్ వార్నర్ రచించిన క్యాసిల్ ఊల్ఫెన్‌స్టైన్ అను పూర్వగేమ్‌నుండి ఇతివృత్తము గ్రహింపబడినది. దీనియందు గోడలన్నియు ఒకే ఎత్తు, మూలలన్నియు లంబకోణములు, నేల సమతలము. వెలుతురునందు హెచ్చుతగ్గులు లేవు. ఈ లోపములన్నియు డూమ్ సవరింపవలసిన జాబితాగ పరిణమించినవి. సంస్థ ఈలోపున విస్కాన్సిన్‌లోని మేడిసన్‌కు పోయి, అచటి చలికి తాళలేక 1992లో టెక్సాస్‌నందలి మెస్కీట్ పట్టణమున స్థిరపడెను.

డూమ్ భావన 1992 చివరిమాసములలో రూపుదాల్చినది. అందు ముప్పేటగ కలిసిన మూలములు మూడు. ఈ మిత్రులు తీరిక వేళల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను పాత్రకల్పనల ఆట ఆడుచుండిరి. కార్మాక్ నిర్వాహకుడుగ నడిపిన ఒక కథలో రొమేరో అత్యాశతో ఒక పిశాచముతో బేరమాడగా, పిశాచములు ఆ లోకమునంతను ముంచివేసి, నెలల తరబడి సాగిన ఆట అంతటితో సమాప్తమయ్యెను. ఆ పిశాచములకు, ఏలియన్స్ చలనచిత్రమందలి అంతరిక్షభీతియు, ఈవిల్ డెడ్ 2 చిత్రమందలి రంపమును తోడైనవి. పేరు మరియొక చలనచిత్రమునుండి వచ్చినది: ది కలర్ ఆఫ్ మనీలో టామ్ క్రూజ్ పాత్ర పందెపు బిలియర్డ్స్ కర్రను పెట్టెలో పెట్టుకొని వచ్చి, లోపల ఏమున్నదని అడిగినవానికి ఈ ఒక్క మాటతో బదులిచ్చును. ఎదుటివానికి తెలియని ఆయుధము తమ పెట్టెలో ఉన్నదను దర్పమే ఆ పేరును కార్మాక్‌చే ఎన్నికచేయించినది.

ఇచట తెలుగు పాఠకుడు ఒక భేదమును గుర్తింపవలెను. డూమ్‌లోని నరకము క్రైస్తవ సంప్రదాయపు నరకము; మన పురాణములలోని యమలోకము ఒక న్యాయస్థానము, అచట చిత్రగుప్తుని లెక్కయు, పాపమునకు తగిన శిక్షయు కలవు. ఈ గేమ్‌లోని నరకమున లెక్క లేదు, తీర్పు లేదు. అది కేవలము దండెత్తి వచ్చు శత్రుదేశము. కనుకనే ఆడువానికి అచట సంశయమునకు గాని జాలికి గాని తావు కలుగదు, తుపాకి ఆగవలసిన అవసరము రాదు. రచయితలు దీనిని తత్త్వముగ గాక సౌకర్యముగనే ఎన్నుకొనిరని తోచును.

కథావిషయమున కర్తలలోనే విభేదము పొడసూపెను. టామ్ హాల్ 1992 నవంబరున పాత్రల పేర్లు, స్థలముల వివరములు, సంఘటనల క్రమముతో డూమ్ బైబిల్ అను విపులమైన ప్రణాళికను రచించెను. కార్మాక్‌నకు అది అడ్డంకిగ తోచినది. ఇట్టి ఆటలలో కథ ఉన్నదనిపించుకొన్నచాలును, దానికి ప్రాముఖ్యము లేదని అతని మతము. హాల్ ఊహించిన సైనిక స్థావరములు వాస్తవమునకు దగ్గరగ ఉండి, ఆటకు నిస్సారముగ ఉన్నవని రొమేరోకును తోచెను; అతడు వంకరగోడలు, ఎత్తుపల్లములు, చీకటి గదులు, కిటికీగుండ దూరమున కనబడి అందని స్థలములు గల నూతన నిర్మాణపద్ధతిని చూపెను. 1993 ఆగస్టున హాల్ సంస్థను వీడెను. అతని స్థానమున, కాల్ ఆఫ్ క్తుల్హూ అను పాత్రకల్పనల ఆటకు కర్తగ పేరొందిన శాండీ పీటర్సన్ వచ్చి, విడుదలకు కొలది వారములే మిగిలియుండగా, రెండవ మూడవ భాగములలోని లెవెల్‌లను అధికభాగము పూర్తిచేసెను. నిష్పక్షపాతముగ చూచినచో కార్మాక్ పక్షము ఆ నాటికి గెలిచినది. హాల్ పక్షము మరి పదేండ్లకు, డూమ్ 3 నాడు, ప్రతీకారము తీర్చుకొన్నది.

సాంకేతిక విషయమున డూమ్ నిజమైన త్రిపరిమాణలోకము కాదు. లెవెల్ అంతయు పైనుండి చూచిన ఒక పటము. అందలి ప్రతి గదికిని నేల ఎత్తు, కప్పు ఎత్తు, వెలుతురు పాలు వేరువేరుగ నిర్ణయింపబడును. కనుక మెట్లు, గుంటలు, లిఫ్టులు సాధ్యమైనవి గాని, ఒక గదిపై మరియొక గది సాధ్యము కాదు. ఆడువాడు నిలిచిన తావునుండి ఏ గోడ ముందు, ఏ గోడ వెనుక అను ప్రశ్నను సెకనునకు ముప్పదియైదు మారులవరకు తీర్పవలసియుండగా ఆనాటి యంత్రములకు అంతటి శక్తి లేకుండెను. కార్మాక్ ఇందులకై బైనరీ స్పేస్ పార్టిషనింగ్ అను విధానమును ఆశ్రయించెను. ఇది ఫుక్స్, కెడెమ్, నేలర్ అను విద్వాంసులు 1980లో ప్రతిపాదించినది. లెవెల్‌ను మాటిమాటికి రెండేసి ముక్కలుగ చీల్చుకొనుచుపోయి ఆ చీలికల వృక్షమును ముందుగనే లెక్కగట్టి దాచియుంచినచో, ఆట సమయమున ఆ వృక్షమును నడచినంతనే గోడల ముందువెనుకల క్రమము తేలిపోవును. పండితపత్రికలలో పుట్టిన సిద్ధాంతము ఇంటి కంప్యూటర్‌పైని ఆటకు ఇట్లు ఉపకరించినది. పనిముట్లన్నియు స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థవారి కంప్యూటర్లపై నిర్మితములు. పిశాచములలో కొన్నింటికి ఏడ్రియన్ కార్మాక్ మట్టితో ప్రతిమలు చేసి, వానిని పలుదిక్కులనుండి చిత్రగ్రహణము గావించి తెరకెక్కించెను. తుపాకులకు బొమ్మల దుకాణమున కొనితెచ్చిన ఆటతుపాకులే ఆధారములు. సంగీతము బాబీ ప్రిన్స్ కూర్చెను. ఇంతయు 386 ప్రాసెసరును, నాలుగు మెగాబైట్ల మెమరీయు గల యంత్రమున నడచినది.

ఈ నిర్మాణమున ఒక నిర్ణయము తక్కినవాని నన్నిటిని మించినది. బొమ్మలు, ధ్వనులు, లెవెల్‌లు మొదలగు సామగ్రినంతను ప్రోగ్రామునుండి విడదీసి వాడ్ అను ప్రత్యేక ఫైలులో ఉంచిరి. యక్షగాన మేళము అదేయైనను పెట్టెలోని వేషములు మార్చినచో మరియొక ప్రదర్శనము సిద్ధమగునట్లు, ఆ ఫైలును మార్చినచో ప్రోగ్రామును తాకకయే మరియొక గేమ్ సిద్ధమగును. ఊల్ఫెన్‌స్టైన్‌ను ఔత్సాహికులు పగులగొట్టి మార్పులు చేయుట కార్మాక్ గమనించియుండెను. ఇతర వ్యాపారులైనచో గోడలు ఎత్తు చేసియుందురు, అతడు తలుపు తెరచెను.

1993 జనవరిలోనే సంస్థ ఒక ప్రకటనను విడుదలచేసి, రానున్న గేమ్ ప్రపంచమంతట కార్యాలయముల పనికి భంగము కలిగించుటలో అగ్రస్థానము వహించునని చాటుకొనియుండెను. అది ఉత్ప్రేక్ష కాలేదు. డిసెంబరు 10న తొలి భాగమును విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఫైళ్ళ సర్వర్‌పై ఉంచదలచిరి. దానికై వేచియున్నవారు ఆ సర్వర్‌పై ఎంతగ క్రిక్కిరిసియుండిరనిన, ఫైలును పెట్టవలసినవారికే లోనికి ప్రవేశము దొరకలేదు. ఎట్టకేలకు చోటు కల్పించి ఫైలు పెట్టినంతనే, ఒక్కపెట్టున మీదబడినవారి ఒత్తిడికి అచటి నెట్‌వర్క్ కూలినది. తొమ్మిది లెవెల్‌లు గల నీ-డీప్ ఇన్ ది డెడ్ అను మొదటి భాగము ఉచితము. ది షోర్స్ ఆఫ్ హెల్, ఇన్ఫర్నో అను తక్కిన రెండింటికి నలువది డాలర్లు. దుకాణముతో ప్రమేయము లేదు; ప్రకటనలకు వెచ్చించినదియు లేదనవచ్చును.

నలుగురివరకు తమ కంప్యూటర్లను నెట్‌వర్క్‌చే కలుపుకొని ఒకరినొకరు వేటాడు సదుపాయమును కర్తలు చేర్చియుండిరి. దానికి డెత్‌మ్యాచ్ అని రొమేరో పెట్టిన పేరు నేటికిని చెల్లుచున్నది. మొదటి రూపమున డూమ్ ఆడువారి సమాచారమును నెట్‌వర్క్‌లోని ప్రతి యంత్రమునకును వెదజల్లుచుండుటచే, నలుగురు ఆడినచో నాలుగువందలమంది పని స్తంభించు స్థితి ఏర్పడెను; ఇంటెల్ సంస్థయు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమును తమ ప్రాంగణములలో దీనిని నిషేధించినవి. కార్మాక్ సత్వరమే దోషమును సవరించెను. మోడెమ్ ద్వారా దూరస్థులు ఆడుటకు 1994లో హ్యూస్టన్ నగరమున డ్వాంగో అను డయల్-అప్ సేవ వెలసినది. ఇంటర్నెట్‌పై అపరిచితులతో ఆడు నేటి అలవాటునకు ఇది తొలిమెట్టు.

విడుదలయైన కొలది వారములకే ఔత్సాహికులు వాడ్ ఫైళ్ళ నిర్మాణమును గ్రహించి ఎడిటర్ ప్రోగ్రాములను రచించిరి. కర్తలు అడ్డు చెప్పలేదు, షేర్‌వేర్ భాగముపై గాక కొన్న గేమ్‌పైననే నూతన లెవెల్‌లు నడువవలెనను ఒక్క కోరికనే తెలిపిరి. 1994లోనే జస్టిన్ ఫిషర్ రచించిన ఏలియన్స్ టీసీ, డూమ్‌ను సాంతముగ ఏలియన్స్ చిత్రపు లోకముగ మార్చివైచెను. 1996లో అల్పాహారపు ధాన్యపు పెట్టెలలో ఉచితముగ ఇచ్చిన చెక్స్ క్వెస్ట్ డూమ్ ఇంజిన్‌పై, అనగా ఆటను నడుపు మూలప్రోగ్రాముపై, నిర్మితమైన బాలల గేమ్. అందు చంపుట లేదు, శత్రువులను తమ లోకమునకు పంపివేయుటయే. అదే కాలమున అమెరికా మెరైన్ సైనికదళము తన సిపాయిల శిక్షణకై మెరైన్ డూమ్ అను రూపమును తయారుచేసికొనెను. ఒకే మూలము పసిపిల్లలకును సిపాయిలకును ఉపకరించినది. సొంతముగ లెవెల్‌లు రచించి పేరు గడించిన టిమ్ విల్లిట్స్‌ను ఇడ్ సంస్థయే 1995లో ఉద్యోగమునకు పిలిచెను. అతడే తరువాత డూమ్ 3నకు ప్రధాన రూపశిల్పియయ్యెను.

డూమ్ 2: హెల్ ఆన్ ఎర్త్ 1994 అక్టోబరు 10న వెలువడినది. ఈమారు షేర్‌వేర్ లేదు. జీటీ ఇంటరాక్టివ్ సంస్థ దానిని దుకాణములలో అమ్మినది. భూమిని ఆక్రమించిన పిశాచములతో పోరు ఇందు విషయము. రెండు గొట్టముల సూపర్ షాట్‌గన్‌ను, మరికొన్ని పిశాచములను తప్ప ఇంజిన్‌నందు చెప్పదగిన కొత్తదనము లేదు. వ్యాపారదృష్టితో ఘనవిజయమైనను, కళాదృష్టితో ఇది మొదటి గేమ్‌నకు ఒక పొడిగింపు మాత్రమే. 1995లో నాలుగవ భాగమును చేర్చిన ది అల్టిమేట్ డూమ్, 1996లో ఫైనల్ డూమ్ వచ్చినవి. ఈ చివరిదానిలోని రెండు సంపుటములును ఔత్సాహికుల చేతిలోనివే, ఒకటి టీమ్ టీఎన్‌టీ అను బృందము పరస్పరము ఇంటర్నెట్‌పై సహకరించి ఉచితముగ పంచనుద్దేశించినది కాగా సంస్థ దానిని కొనుక్కొనెను. ఆటయంత్రములకు వచ్చిన రూపాంతరములు అనేకములు. సూపర్ నింటెండో వంటి బలహీనయంత్రమున ర్యాండీ లిండెన్ దానిని నడిపించుట ఒక సాహసకార్యము. విండోస్ 95 గేమ్‌లకు తగినదని నిరూపింపగోరి మైక్రోసాఫ్ట్ సంస్థయు డూమ్‌ను ఆ వేదికకు తెచ్చినది. ఆ పనికి నాయకుడైన గేబ్ న్యూవెల్ అనంతరము ఆ సంస్థను వీడి వాల్వ్ అను గేమ్ సంస్థను స్థాపించెను. 1997లో మిడ్‌వే సంస్థ నిర్మించిన డూమ్ 64 నింటెండో 64 యంత్రమునకే పరిమితమై, ఆ కాలమున తగిన ఆదరము పొందలేదు. దాని మందకొడి భయానకవాతావరణము నేడు ప్రశంసింపబడుచున్నది.

నిందలును తక్కువ కాలేదు. వీడియోగేమ్‌లలోని హింసను గూర్చి అమెరికా సెనేట్ విచారణ డూమ్ విడుదలకు సరిగ ముందునాడు, 1993 డిసెంబరు 9న, జరిగినది. వయోపరిమితులను సూచించు ఈఎస్ఆర్‌బీ అను వ్యవస్థ మరుసటి యేడు దానినుండి పుట్టెను. జర్మనీ 1994లో డూమ్‌ను బాలలకు హానికరములగు కృతుల పట్టికలో చేర్చి, 2011లో గాని తొలగించలేదు. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ పాఠశాలలో పలువురిని చంపిన విద్యార్థులు ఇరువురును డూమ్ ఆడువారగుట, అందొకడు లెవెల్‌లు సైతము రచించియుండుట బయలుపడగా, పత్రికలు ఆ దుష్కృత్యమునకు గేమ్‌నే మూలముగ చూపినవి. గేమ్ సంస్థలపై వేయబడిన వ్యాజ్యమును ఫెడరల్ న్యాయస్థానము 2002లో కొట్టివైచెను. లక్షలాదిమంది ఆడిన ఆటను ఇరువురి నేరమునకు కారణముగ నిలుపు వాదమున తర్కము కంటె దుఃఖమే అధికముగ కనబడుచున్నది. ఆ దుఃఖమును మాత్రము తక్కువ చేయరాదు.

1997 డిసెంబరు 23న కార్మాక్ డూమ్ సోర్స్ కోడ్‌ను, అనగా ప్రోగ్రాము మూలరచనను, లోకమునకు విడిచెను. రెండేండ్ల తరువాత దానిని జీపీఎల్ అను స్వేచ్ఛా నిబంధనకు మార్చెను. డాస్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌పైని రూపమున ధ్వనిభాగము పరుల సొత్తగుటచే, లినక్స్ అను మరియొక ఆపరేటింగ్ సిస్టమ్‌పైని రూపపు కోడ్‌ను ఇయ్యవలసివచ్చెను. నాటి వ్యాపారమున వ్యయప్రయాసలతో సాధించిన విద్యను ఊరక ఇచ్చుట విడ్డూరము. ఫలితమేమనిన, తెరయు ప్రాసెసరును గల ప్రతి వస్తువునందును డూమ్‌ను నడిపింప యత్నించుట ప్రోగ్రామర్లకు ఒక వినోదవ్రతమైనది. కాలిక్యులేటర్లు, కెమెరాలు, చివరకు 2014లో ఒక కానన్ ప్రింటర్ చిన్న తెరయును ఇందులకు లొంగినవి. ఈ చివరి ప్రయోగము వినోదమునకే కాక, ఆ యంత్రమున భద్రతాలోపమున్నదని నిరూపించుటకును చేసినది.

1996లో ఇడ్ వారి మరియొక గేమ్ క్వేక్ విడుదలయైన పిమ్మట రొమేరో సంస్థనుండి పంపివేయబడెను. కర్తల మేళము చెదరిన తరువాత, 2000 సంవత్సరమున కార్మాక్ పట్టుబట్టి డూమ్ 3ను ఆరంభింపజేసెను. సంస్థాభాగస్వాములలో కొందరికి ఇది సమ్మతము కాదు. 2004 ఆగస్టు 3న వచ్చిన ఈ గేమ్ తొలికథను మరల చెప్పినది గాని, చెప్పు తీరు పూర్తిగ మారినది. ప్రతి దీపమును ప్రతి వస్తువు నీడను అప్పటికప్పుడు లెక్కించి పరచు ఇంజిన్ కార్మాక్ సాధించినది. ఆ ఇంజిన్ ప్రతిభను చూపుటకు చీకటి కావలెను, చీకటికి మందగతి కావలెను, మందగతికి కథ కావలెను. నవలాకారుడు మాథ్యూ కాస్టెల్లో కథ సమకూర్చెను. సందేశములు, డైరీలు, సంభాషణలు పొదిగిరి. ఆడువాడు టార్చిలైటును తుపాకిని ఒకేసారి పట్టుకొనజాలడను నియమము అందరికి విసుగు కలిగింపగా, తుపాకికి దీపమును టేపుతో అంటించినట్లు చూపు ఒక ఔత్సాహికుని సవరణ కొలది దినములలోనే ప్రచారమందెను. చూచుటకు అద్భుతము, ఆడుటకు ఒకింత భారము అని దీనిపై తీర్పు చెప్పవచ్చును. నీడల లెక్కింపునకు కార్మాక్ స్వయముగ కనుగొనిన మార్గముపై క్రియేటివ్ సంస్థకు అంతకుముందే పేటెంటు ఉండుటచే ఆ సంస్థ ధ్వనివిధానమును గేమ్‌లో చేర్చుటకు ఒప్పుకొనవలసివచ్చెను. 2011లో ఈ కోడ్‌ను ఉచితముగ విడుచునాడు సైతము అతడు ఆ భాగమును తిరిగి వ్రాయవలసివచ్చినది. ఆండ్జెయ్ బార్ట్‌కోవియక్ దర్శకత్వమున 2005లో వచ్చిన చలనచిత్రము కథానాయకుని దృష్టితోనే తీసిన కొలది నిమిషముల దృశ్యమునకు తప్ప మరిదేనికి స్మరింపదగినది కాదు.

2008లో ప్రకటింపబడిన డూమ్ 4 చరిత్ర ఒక పరాజయచరిత్ర. 2009లో జెనిమ్యాక్స్ సంస్థ ఇడ్‌ను కొనెను. కాల్ ఆఫ్ డ్యూటీ సైనిక గేమ్‌లు విపణిని ఏలుచున్న రోజులగుటచే, కర్తలు తమ పిశాచలోకమును నేటి నగరవీధులకు దించి, ముందుగ నిర్ణయించిన ఘట్టముల వెంట ఆడువానిని నడిపింపబూనిరి. పరిహాసకులు దానికి కాల్ ఆఫ్ డూమ్ అని పేరు పెట్టిరి. ఇతర గేమ్‌లన్నియు డూమ్‌ను అనుకరించిన కాలము గతించి, డూమ్ ఇతరులను అనుకరించు దశ వచ్చినది. అది డూమ్ కాదని గ్రహించి 2011లో మొదటినుండి ఆరంభించిరి. ఇంజిన్‌లకు జీవమైన కార్మాక్ 2013లో సంస్థను వీడి వర్చువల్ రియాలిటీ సంస్థయైన ఆక్యులస్‌కు వెడలెను.

మార్టీ స్ట్రాటన్, హ్యూగో మార్టిన్‌ల నాయకత్వమున 2016 మే 13న వచ్చిన డూమ్ ఈ గండమునుండి బయటపడినది. దాగి ప్రాణము నిలుపుకొను ఆటలు వాడుకయైన కాలమున ఇది దాగుటను నిరుపయోగము చేసినది: గాయపడినవాడు శత్రువును సమీపించి చేతితో చీల్చినచో ప్రాణబలము తిరిగి వచ్చును, కనుక భయపడినకొలది ముందునకే దుముకవలెను. ఆరంభమున ఒక పాత్ర తెరపై ప్రత్యక్షమై సుదీర్ఘముగ పరిస్థితిని వివరింపబోగా కథానాయకుడు ఆ తెరను విసురుగ ప్రక్కకు నెట్టివేయును. హాల్, కార్మాక్‌ల నాటి పాత వివాదమునకు ఇంతకంటె చమత్కారమైన ప్రత్యుత్తరము లేదు. గిటారు వద్దని మొదట ఆజ్ఞాపింపబడిన మిక్ గోర్డన్ యంత్రనాదములతో ఆరంభించి, క్రమముగ గిటారును చొప్పించి కూర్చిన సంగీతము గేమ్ అవార్డ్స్‌లో బహుమతి పొందెను.

డూమ్ ఎటర్నల్ 2019 నవంబరునుండి వాయిదాపడి 2020 మార్చి 20న, మహమ్మారిచే జనులు గృహబంధితులైన వేళ వెలువడెను. ప్రతి పిశాచమునకును ప్రత్యేక ఆయుధము, ప్రతి కొరతకును ప్రత్యేక ప్రహారము నియమించుటచే ఇది వేగముగ ఆడు చదరంగముగ పరిణమించినది. కొందరు దీనిని వరుసలో శిఖరమనిరి, స్వేచ్ఛ లోపించినదని కొందరు పెదవి విరిచిరి. సంగీత సంపుటి కూర్పు విషయమున గోర్డన్‌కును సంస్థకును కలిగిన విభేదము బహిరంగ వివాదమై, అనుబంధభాగములకు వేరు సంగీతకర్తలు పనిచేసిరి. 2021 మార్చిలో మైక్రోసాఫ్ట్ 810 కోట్ల డాలర్లకు జెనిమ్యాక్స్‌ను స్వీకరించుటతో డూమ్ ఆ మహాసంస్థ సొత్తైనది. 2025 మే 15 నాటి ది డార్క్ ఏజెస్ కథను 2016 గేమ్‌నకు పూర్వకాలమునకు మరలించి, నాయకుని చేతికి రంపపు అంచుగల డాలు నిచ్చినది. కాంతికిరణముల పోకడను స్వయముగ లెక్కించు ఆధునిక గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌పై ఇది నడువనే నడువదు.

తొలి గేమ్ మాత్రము తన దారిని తాను సాగుచున్నది. 2015లో న్యూయార్క్ రాష్ట్రమందలి రోచెస్టర్ నగరపు వరల్డ్ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్ తన మొట్టమొదటి ఎన్నికలోనే డూమ్‌నకు స్థానమిచ్చెను. రొమేరో 2019లో సిజిల్ అను ఐదవ భాగమును, మూలకృతి ముప్పదియవ జన్మదినమైన 2023 డిసెంబరు 10న సిజిల్ 2ను రచించి ఉచితముగ విడిచెను. 2024 ఆగస్టులో సంస్థ డూమ్, డూమ్ 2లను నైట్‌డైవ్ సంస్థ సహకారముతో ఒక్కటిగ కూర్చి, లెగసీ ఆఫ్ రస్ట్ అను నూతనభాగముతో మరల ప్రచురించినది. ఔత్సాహికులు పాతికేండ్లుగ తమ లెవెల్‌లలో వాడుచున్న ఇంజిన్ పొడిగింపులు కూడ ఇందు అధికారికముగ చేరినవి. వానిలో బూమ్ అను ముఖ్యమైన పొడిగింపును, కార్మాక్ విడిచిన కోడ్‌ను తీసికొని 1998లో నిర్మించినది ఫైనల్ డూమ్‌లో సగము రచించిన టీమ్ టీఎన్‌టీ బృందమే.